విశ్వాస పతనం

కొత్తగా ఉద్యోగాల్లో చేరి, మెడలో తాడుకు గుర్తింపు కార్డు వేలాడదీసుకుని, రేపో మాపో సంస్థను ఉద్ధరించేద్దామని చూస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. నాయకత్వం పుస్తకాల్లో ఒకలా ఉంటుంది, ప్రొజెక్టరు తెర మీద ఒకలా ఉంటుంది, నేల మీద ఇంకోలా ఉంటుంది. నేల మీద అని అలంకారానికి అనడం లేదు. నేను అక్కడ వెల్లకిలా పడుకుని మరీ చూశాను.

చింతపల్లికి పైన, జీపు డ్రైవర్లు కూడా దండం పెట్టుకుని ఎక్కే ఘాటుకు అవతల, ఒక కాఫీ రైతుల సంఘంలో నేను యార్డు మేనేజరుగా పనిచేశాను. అక్కడి చలి గురించి చెబితే పార్వతీపురంలో మా ఇంటివాళ్లే నమ్మరు. పొద్దున్నే ఆఫీసు బల్ల మీద కొబ్బరినూనె సీసా, బల్ల వెనక నేను, ఇద్దరం ఒకే వేళకు కరిగేవాళ్లం. అంతవరకూ ఇద్దరిలోనూ చలనం ఉండేది కాదు. కొత్తగా వచ్చిన రైతులు సీసానే మేనేజరనుకుని గోడు చెప్పుకుని వెళ్లిన సందర్భాలున్నాయి. వాళ్లలో కొందరికి పనులు కూడా అయ్యాయి.

మా పని చెప్పడానికి చిన్నది. చుట్టూ కొండల మీద కోసిన ఎర్రటి కాఫీ పండు సంచుల్లో మా యార్డుకు దిగుతుంది. దాన్ని ఆ రోజే యంత్రంలో పోసి, నీళ్లతో తొక్క ఒలిచి, గింజ కడిగి ఆరబోయాలి. కుప్పగా వదిలేస్తే లోపల్లోపల ఉడికి పులుస్తుంది. పులిసిన పండుతో చేసిన కాఫీ తాగితే జీలుగు కల్లు గుర్తొస్తుంది. ముందటేడు అదే జరిగింది. బెంగళూరు నుంచి వచ్చిన కొనుగోలుదారు ఒక గుక్క తాగి, కప్పు పక్కన పెట్టి, ముక్కు తుడుచుకున్నాడు. జీలుగు కల్లు తాగితే కాఫీ గుర్తురాదు కదా, ఆ లెక్కన మీకు లాభమే అని నేను సర్దిచెప్పబోయాను. ఆయన నవ్వలేదు.

ఆయన నవ్వకపోవడంతో పట్నంలో మా హెడ్డాఫీసు వణికింది. ఈ ఏడు మొదటి సరుకులో ఆ వాసన వస్తే యార్డు మూసేసి, యంత్రాన్ని నర్సీపట్నం దింపేస్తామని కబురు పంపింది. యంత్రం దిగితే పండు కూడా దిగాలి. షేరు జీపుల్లో, మనుషుల మోకాళ్ల కింద, ఘాటు మలుపులన్నీ తిరిగి కిందికి చేరేసరికి అది పండుగా ఉండదు, పచ్చడిగా ఉంటుంది. పచ్చడిని ఎవరూ కొనరు. అప్పుడు రైతు మళ్లీ సంతలో దళారి చేతికి చిక్కుతాడు. యార్డులో పనిచేసే ఆడవాళ్లందరికీ సీజను కూలి పోతుంది. ఇవన్నీ పోతే నేనుండి ఏం చేస్తాను, నేనూ పోతాను.

వాసనకు కారణం నాకు తెలుసు. గెడ్డ, అంటే కొండవాగు, నుంచి యంత్రానికి నీళ్లు తెచ్చే పైపు మా సంఘం కంటే పాతది. దానికి ఎన్ని చోట్ల గుడ్డపేలికలు కట్టామంటే, దూరం నుంచి చూస్తే బట్టలారేసిన తీగ అనుకునేవారు. కొత్త పైపు పంపండి మహాప్రభో అని రాశాను. హెడ్డాఫీసు లోతుగా ఆలోచించి, అసలు జబ్బు పైపుది కాదు, నాయకత్వానిది అని తేల్చింది. పైపు అడిగితే ట్రైనర్ని పంపారు.

ట్రైనరు మంచివాడే. కుర్రాడు. నవ్వు చెరిగేది కాదు. చలికి దవడలు అలా బిగుసుకుపోయాయో ఏమో తెలీదు. వస్తూనే నాకు ఒక నారింజరంగు టోపీ పెట్టాడు. దాని మీద ‘లీడర్’ అని ఉంది. పుంజు తలకాయలా ఉన్నావని యార్డంతా అంది. తర్వాత ఆయన నాకు మూలమంత్రం ఉపదేశించాడు: నాయకుడు ఆజ్ఞాపించడు, అడుగుతాడు. ఏ పనీ చెయ్యమని చెప్పకూడదు. ప్రశ్న వెయ్యాలి. జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి. అప్పుడు సంస్థ పరుగులు పెడుతుంది.

మర్నాడు పొద్దున నూనె సీసా కంటే ముందే కరిగి యార్డులోకి వెళ్లాను. అక్కడ ఆడవాళ్ల జట్టుకు ఒక పెద్ద ఉంది. అందరూ ఆమెను అప్ప అంటారు, నేనూ అప్పా అనే పిలిచేవాణ్ణి. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీల్చే మనిషి. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ లోకం క్షేమం. బయటకు తీసిందంటే మాట రాబోతోందని గుర్తు, అప్పుడు కొండ మీద కోతులు కూడా కొమ్మ మారతాయి.

“అప్పా, ఈ గింజలు ఎక్కడ ఆరబోస్తే బాగుంటుందని నీ ఉద్దేశం?” అన్నాను.

అప్ప చుట్ట తీసింది. “నిన్న ఎక్కడ బోసినాం?”

“కళ్లంలో.”

“మరి నేడేటి, కళ్లం నడిసెల్లిపోనాదా?”

“అది కాదప్పా. నిర్ణయంలో నీకూ భాగం ఉండాలి కదా.”

“రేతిరి ఏటి తిన్నావు బాబూ?” అంది, చెయ్యి నా నుదుటి మీద పెట్టి. తర్వాత వెనక్కి తిరిగి కేకేసింది. “ఒసే, బాబుకి పని మర్సిపోనాదంట. పండు ఏటో, గింజేటో మనల్నే అడుగుతన్నాడు. పాపం, బేగి నేర్పీయండే.”

ఆ వారమంతా వాళ్లు నాకు జాలిగా పని నేర్పారు. నేను అడిగినకొద్దీ నేర్పారు. ట్రైనరు పక్కన నిలబడి సంతోషంతో ఫోటోలు తీసుకున్నాడు. కొండల్లో చిన్నా పెద్దా అందరినీ ‘నువ్వు’ అనే అంటారు, మేనేజరైనా కలెక్టరైనా. ఆ పిలుపు విని ఆయన కళ్లు చెమర్చాయి. “సర్, ఈ ఫ్లాట్ హైరార్కీ తేవడానికి కార్పొరేట్లు కోట్లు ఖర్చుపెడుతున్నాయి. మీరు ఎలా తెచ్చారు?” అన్నాడు. నేను వినయంగా తల దించుకున్నాను. టోపీ జారి ముక్కు మీద పడింది.

ఇక అసలు రోజు. శిక్షణ ముగింపు చూడడానికి హెడ్డాఫీసు నుంచి పెద్ద సారు వచ్చారు. ముందురోజే వచ్చి, గెడ్డ పక్కన మా గెస్టు గదిలో దిగారు. పెద్ద సారు గురించి రెండు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి, ఆయన వేళ్లకు ఉన్నన్ని ఉంగరాలు నగల కొట్టు అద్దాల వెనక కూడా ఉండవు. ఏ గ్రహమూ అలగకుండా తలా ఒక వేలు కేటాయించారు. రెండు, ఆయన చల్లనీళ్లు ముట్టరు. అందుకని ఆయన డ్రైవరు గెడ్డ పైపును యంత్రం నుంచి ఊడదీసి, గీజరుకు నీళ్లందించే గెస్టు గది ట్యాంకుకు తగిలించాడు. ట్యాంకు నిండింది. పెద్ద సారు స్నానమైంది. ట్యాంకు పొంగి నీళ్లు అవతలి లోయలోకి జలపాతంలా దూకుతున్నాయి. టూరిస్టులకు తెలిసుంటే టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవారు. పైపు మాత్రం ఎవరూ మళ్లీ ముట్టుకోలేదు. అది పెద్ద సారు పైపు కదా.

ఆ రోజే మొదటి పెద్ద కోత దిగింది. యార్డులో పండు కుప్పలు కొండలతో పోటీపడి లేచాయి. నేనూ, అప్పా, యార్డు జట్టంతా హాల్లో ఉన్నాం. ఫోన్లు బుట్టలో ఉన్నాయి. కార్యక్రమం అయ్యేదాకా ఎవరూ కదలకూడదని ట్రైనరు నియమం. అందరి రొమ్ములకూ బ్యాడ్జీలు. దీపం వెలిగించారు, కొబ్బరికాయ పక్కన పెట్టారు, పెద్ద సారుకు పూలగుత్తి ఇచ్చారు.

మధ్యలో, యంత్రం దగ్గర ఒక్కడే ఉండిపోయిన ఆపరేటరు తలుపు తోసుకుని వచ్చాడు. మిషను చర్చిలో పెద్ద, నెమ్మదైన మనిషి. నా చెవి దగ్గర వంగి, “బాబూ, నీల్లు రాటం నేదు,” అన్నాడు. “కుప్పలో సెయ్యెట్టి సూసినాను. ఎచ్చగుంది.”

కుప్ప వెచ్చబడిందంటే ఉడకడం మొదలైందన్నమాట. ఇంక సాయంత్రం వరకే గడువు. అది దాటితే జీలుగు కల్లు, బెంగళూరు ముక్కు, నర్సీపట్నం. నేను లేచాను.

“ఎక్కడికండీ?” అన్నారు పెద్ద సారు.

“యంత్రానికి నీళ్లు రావడం లేదు సార్.”

“నాయకుడు చిన్న విషయాలకు తనే పరిగెత్తడయ్యా. డెలిగేట్ చేస్తాడు. ఎవరికైనా అప్పగించు.”

అప్పగించడానికి చుట్టూ చూశాను. ఉన్నవాళ్లంతా బ్యాడ్జీలు పెట్టుకుని కూర్చుని నాయకులైపోయి ఉన్నారు. నీళ్లు మీ స్నానానికి పోతున్నాయి సార్ అని ఒక్క మాట అనొచ్చు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. అక్కడ చలికి బిగుసుకుపోయింది. కొబ్బరినూనె లక్షణం.

“చివరి యాక్టివిటీ సర్, ఇక అయిపోయినట్టే,” అని ట్రైనరు గోడ మీద బ్యానరు విప్పాడు. ఇంగ్లీషులో దాన్ని ట్రస్ట్ ఫాల్ అంటారట. ఆయన ఫోనుకు చెప్పి తెలుగు చేయించి అచ్చు వేయించుకొచ్చాడు. బ్యానరు మీద తాటికాయంత అక్షరాలతో ‘విశ్వాస పతనం’ అని ఉంది. పెద్ద సారు దాన్ని చదివి, పైకీ కిందికీ చూసి, “సరిగ్గానే ఉంది,” అన్నారు.

పద్ధతి ఏమిటంటే, నాయకుడు బల్ల ఎక్కి జనానికి వీపు పెట్టి నిలబడాలి. కళ్లు మూసుకుని వెనక్కి వాలిపోవాలి. జనం పట్టుకుంటారు. దాంతో ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరి సంస్థ బలపడుతుంది. పెద్ద సారును పడమనలేరు, ట్రైనరుకు పడే అర్హత లేదు. టోపీ నాది.

బల్ల ఎక్కాను. నా బరువు గురించి చెప్పుకోవడం మర్యాద కాదు గానీ, ఘాటు మీద షేరు జీపువాడు నన్ను చూసి, పక్క సీటుకు కూడా డబ్బిస్తేనే ఎక్కించుకునేవాడు. వెనక్కి ఒకసారి చూశాను. అప్ప మధ్యలో ఉంది, ఆడవాళ్లు అర్ధచంద్రంలా నిలబడ్డారు, చేతులు చాపి ఉన్నారు. ధైర్యం చాలక మళ్లీ చూశాను. చేతులు అలాగే ఉన్నాయి.

“కళ్లు మూసుకోండి సర్,” అంటున్నాడు ట్రైనరు గొంతు తగ్గించి. “ఒళ్లు వదిలేయండి. ‘నేను’ అనేదే మరచిపోండి. మిమ్మల్ని పూర్తిగా అప్పగించేసుకోండి.”

అప్పగించేసుకున్నాను.

ఆ పతనం ఎంతసేపు సాగిందంటే, దారిలో నా సర్వీసంతా గుర్తొచ్చింది, ఇంక్రిమెంట్లతో సహా. తర్వాత భూమి వచ్చింది. రాజవొమ్మంగి వైపు వాళ్లు ఆ రోజు గిన్నెలు కదిలాయని చెప్పుకున్నారట, నేను విచారించలేదు. ఎవరూ పట్టుకోలేదు. కళ్లు తెరిచేసరికి ఆడవాళ్లందరూ వెనక్కి జరిగి, చేతులు జోడించి నిలబడి ఉన్నారు.

“పట్టుకోలేదేంటమ్మా?” అన్నాడు ట్రైనరు. ఆయన నవ్వు మొదటిసారి చెరగడం అప్పుడే.

“ముట్టుకోకు బాబూ,” అంది అప్ప. చుట్ట అప్పటికే చేతిలో ఉంది. “కల్లు మూసినాడు, ఒల్లు ఇడిసినాడు, ఎనక్కి ఇరుసుకు పడిపోనాడు. అమ్మోరు దిగినాది.”

ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు నా మీద చిలకరించారు. పెద్ద సారు చేతిలోని పూలగుత్తి ఎలా వచ్చిందో గానీ నా పాదాల దగ్గరికి వచ్చింది. ఆపరేటరు మూలకు వెళ్లి తల వంచుకుని ప్రార్థన మొదలెట్టాడు. “అమ్మోరైతే అప్ప సూసుకుంటాది, దెయ్యమైతే నాను సూసుకుంటాను,” అన్నాడు. ఇంత స్పష్టమైన పని విభజన నేను మా హెడ్డాఫీసులో ఏ శాఖల మధ్యా చూడలేదు.

నాకు లేవాలనే ఉంది. నడుము ఒప్పుకోలేదు. గొంతు ఎండిపోయి, “నీళ్లు...” అన్నాను.

అప్ప నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. “ఏ నీల్లు తల్లీ? తాగే నీల్లా, గెడ్డ నీల్లా?”

అప్పుడు ఆమె ముఖం చూశాను. భక్తి నిండుగా ఉంది. కానీ ప్రశ్న ఎక్కడికి పోతోందో నాకు లీలగా కనిపించింది.

“గెడ్డ నీళ్లు,” అన్నాను, గొంతు కాస్త బొంగురు చేసి.

“నీ గెడ్డ నీల్లు ఎవులైనా మల్లించీసినారా తల్లీ?”

“మళ్లించారు.”

“ఎటేపు తల్లీ? కిందకా, పైకా?”

“పైకి. బాత్రూములోకి.”

తమ్ముళ్లూ, నాయకుడు ఆజ్ఞాపించడు, అడుగుతాడు అని ట్రైనరు వారం రోజులు గొంతు చించుకున్నాడు. ఆ విద్య అంత చక్కగా అమలవడం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. అయితే అడిగింది అప్ప, చెప్పింది నేను.

పెద్ద సారు ముఖం పాలిపోయింది. ఆయన చెప్పులు విడిచారు. “ఒరేయ్, పోయి పైపు తియ్,” అన్నారు డ్రైవరుతో. “పరిగెత్తు.” డ్రైవరు పరిగెత్తాడు. మా సంఘం చరిత్రలో ఒక ఆజ్ఞ ఏ సంతకమూ లేకుండా అమలైంది.

అప్ప లేవబోతుంటే పెద్ద సారు ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. నా దగ్గరికి వచ్చి, ఉంగరాల చేతులు రెండూ జోడించి, ఎవరికీ వినబడకుండా గొణిగారు. “తల్లీ, నా ప్రమోషను ఫైలు పైన ఆగిపోయింది. కదులుతుందా?”

నేను నా నడుము గురించి ఆలోచించాను. కొత్త పైపు గురించి ఆలోచించాను. కుప్ప వేడి గురించి ఆలోచించాను.

“పండు కడిగినోళ్లకి కదులుతుంది,” అన్నాను.

నేను అలా వెల్లకిలా ఉండగానే హాలు ఖాళీ అయింది. కిటికీలోంచి అంతా వినబడుతోంది. గెడ్డ నీళ్లు గుడ్డపేలికలన్నీ తడుపుకుంటూ పైపులోకి వచ్చాయి. యంత్రం దగ్గి, తుమ్మి, తిరగడం మొదలెట్టింది. “ఏటి సేత్తన్నావు బాబూ, ఆ సెయ్యి తొట్లో ఎట్టు,” అని అప్ప ఎవరినో కసురుతోంది. ఎవరినని కాస్త పాకి చూశాను. పెద్ద సారు. ఉంగరాలన్నీ డ్రైవరు జేబులో పోసి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చల్లనీళ్ల తొట్టిలో మోచేతులదాకా దింపి జిగురు గింజలు కడుగుతున్నారు. పళ్లు టకటకలాడుతున్నాయి. “బేగి, బేగి. నిద్రోతన్నావా?” అంటోంది అప్ప. ట్రైనరు సంచులు మోస్తున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఆఖరి కుప్ప కూడా యంత్రంలోకి పోయింది. లోపలి పండు గోరువెచ్చగానే ఉందట, పులుపు పట్టలేదు. మూడోనాడు నేను కర్ర పట్టుకుని వచ్చి వాసన చూశాను. కాఫీ వాసనే.

తర్వాత సరుకు రుచి చూసిన బెంగళూరాయన, ఇందులో బెల్లం ఉంది, నారింజ తొక్క ఉంది, అడవి పువ్వేదో ఉంది అన్నాడట. పెద్ద సారు చేతి మహిమ అని మేం అనుకున్నాం. యార్డు నిలిచింది. యంత్రం నర్సీపట్నం దిగలేదు, ఆడవాళ్ల కూలి పోలేదు.

పెద్ద సారుకు ప్రమోషను కూడా వచ్చింది. వరస ప్రకారం రావలసినదే వచ్చిందని గిట్టనివాళ్లు అన్నారు. ఆయన మాత్రం మొక్కు తీర్చుకున్నారు. కొత్త పైపు పంపారు. పైపుకు బడ్జెట్టు లేదు కాబట్టి దాన్ని ‘నాయకత్వ వికాసం’ కింద చూపించారు. మీరెప్పుడైనా మా యార్డుకు వెళితే, గెడ్డ నుంచి యంత్రందాకా ఒక్క పేలిక లేకుండా నిగనిగలాడుతూ వంకర తిరిగిన నాయకత్వ వికాసాన్ని చూడొచ్చు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కొండల్లోని మా యార్డులన్నిట్లో నెలకొకసారి విశ్వాస పతనం జరగాలని పెద్ద సారు ఉత్తర్వు వేశారు. అరకు నుంచి ఇటు దాకా మేనేజర్లందరూ టోపీలు పెట్టుకుని పడ్డారు. శ్రద్ధగా, నిజాయితీగా పడ్డారు. కానీ ఎక్కడా మా ఫలితాలు రాలేదు. కారణం ఏమిటో పరిశీలించడానికి కమిటీ వేశారు. నాకు తెలిసిన కారణం ఒక్కటే: మిగతా చోట్ల జనం పట్టుకున్నారు.

ఆ నడుముతో ఇంకొన్నేళ్లు లాగి, మొన్నీమధ్య స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. వచ్చేసే రోజున యార్డులో అందరూ చేరి అడ్డాకుల విస్తళ్లలో భోజనం పెట్టారు. పెద్ద సారు పంపిన మెమెంటో మీద ‘విశ్వాస పతన పితామహుడు’ అని చెక్కి ఉంది. అదీ ఫోనుకు చెప్పి చేయించిన తెలుగే అయి ఉండాలి. షేరు జీపు హారను కొడుతోంది. నా మనసులో ఏళ్లుగా ఉన్న ప్రశ్న ఒకటుంది, అది అడక్కుండా ఘాటు దిగలేను.

“అప్పా, నిజం చెప్పు. ఆ రోజు నా మీదకు అమ్మోరే వచ్చిందనుకున్నావా?”

అప్ప చుట్ట తీసింది. “అమ్మోరు పడీముందు ఎనక్కి తిరిగి సూసుకుంటాదా బాబూ? నువ్వు రెండుమార్లు సూసుకున్నావు.”

“అంటే తెలిసే వదిలేశావా? నా నడుము ఇప్పటికీ కుదురుకోలేదు. చేతులు చాపి ఉన్నారు కదా, పట్టుకుంటే ఏం పోయేది?”

అప్ప చుట్ట నిప్పు ఉందో లేదో ఊది చూసుకుని, నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

“పట్టుకుంటే లేసి నిలబడతావు. నిలబడితే మల్లీ మాటాడతావు. పండు అక్కడ ఉడికిపోతంది గదా బాబూ.”